శ్రీ జి. డి. నాయుడుగారి జీవితము

హైదరాబాదు నగరమునకు తూర్పుదిక్కున నున్న ఉప్పలు, నాచారము అను ఊళ్లు ఒకనాడు పొలములును చెఱువులును గల చిన్న పల్లెలు. నేడవి యంత్రముల మ్రోతతో మేల్కొని యంత్రముల మ్రోతతోనే నిద్రించు ప్రదేశములైనవి. నాచారమున పారిశ్రామికవాడ వెలసినది. ఉప్పలు మీదుగా ఓరుగల్లునకు పోవు పెద్దబాట రేయింబవళ్లు బస్సులతోను లారీలతోను క్రిక్కిఱిసి యుండును. రవాణాసంస్థవారి బస్సులను మరమ్మతు చేయు కర్మశాల యుప్పలునందే కలదు. 2017 వ సంవత్సరమునుండి మెట్రో రైలుకూడ ఆ యూరిమీదుగా నడచుచున్నది. ఇక బాటకిరువైపుల మోటారుకార్లను బాగుచేయు దుకాణములకు లెక్క లేదు.

ఈ ప్రాంతపు పాఠశాలలలో చదువుకొను బాలబాలికలలో పెక్కండ్ర తండ్రులు ఇట్టి కర్మశాలలలో పాటుపడువారే. తెల్లవాఱగనే అన్నపుడబ్బా చేతబట్టుకొని పోయి, ప్రొద్దుగ్రుంకిన పిదప నూనెమరకల చేతులతో ఇల్లు చేరువారే. ఆ చేతులను చూచి సిగ్గుపడు బిడ్డలును ఉందురు. గర్వపడు బిడ్డలును ఉందురు. ఈ రెండవ తెగ వృద్ధి కావలెనని మా కోరిక. కావున చేతిపనియొక్క గౌరవ మెట్టిదో తెలుపజాలిన యొక జీవితమును ఈ సంచికకు వ్రాయదలచి, కీర్తిశేషులగు కోయంబత్తూరు శ్రీ గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారిని ఎన్నుకొంటిమి. లోకమునకు వారు జి. డి. నాయుడను పేరనే తెలిసినవారు. భారతదేశపు ఎడిసన్ అని జనులు వారిని కొనియాడుట కలదు.

కోయంబత్తూరు తమిళనాడులోనిది గదా, మనకు వారితో నేమి సంబంధమని కొందఱు విద్యార్థులు అడుగవచ్చును. విజయనగర రాజుల కాలమునుండియు తెలుగు కుటుంబములు పెక్కులు దక్షిణమునకు పోయి, కోయంబత్తూరు మండలపు నల్లరేగడి నేలలలో వ్యవసాయము చేసికొనుచు స్థిరపడినవి. బయట తమిళమును, ఇంట తెలుగును పలుకుచు అవి తరతరములుగా నిలిచినవి. అట్టి యొక తెలుగు రైతుకుటుంబమున నాయుడుగారు జన్మించిరి. ఇంట నొక భాష, వీథిలో నొక భాష, బడిలో మఱియొక భాష మాటలాడు ఉప్పలు, నాచారముల పిల్లలకు ఆ కుటుంబముల జీవనము అపరిచితము కాజాలదు.

నాయుడుగారు 1893 వ సంవత్సరము మార్చి 23 వ తేదీన కోయంబత్తూరునకు సమీపమున నున్న కలంగల్ అను గ్రామమున జన్మించిరి. తండ్రి వ్యవసాయదారు, ఇల్లు కలిగినదే. కాని బాలునకు చదువుమీద మనసు పోలేదు. తరగతిలో కూర్చుండుట యతనికి చెఱసాలవలె తోచెను. ఉపాధ్యాయులమీద ఇసుక చల్లినందున అతనిని బడినుండి పంపివేసిరని చెప్పుదురు. పాఠశాల చదువు అంతటితో ముగిసినది. ఆ పిమ్మట అతడు పొలముపనులలో నిలిచెను.

ఇచ్చట మాకొక చిక్కు కలుగుచున్నది. గురువుపై ఇసుక చల్లి బడినుండి వెడలగొట్టబడిన బాలుని జీవితమును పాఠశాల సంచికయందే పొగడుట యెట్లు? దీనిని చదివిన అల్లరిపిల్లలు తామును బడి మానినచో గొప్పవారగుదుమని తలంపరా? ఈ శంకను దాచిపెట్టుట మాకిష్టము లేదు. నాయుడుగారి జీవితమే దీనికి సమాధాన మీయగలదు గావున, చదువరులు తుదివఱకు ఓపికపట్టవలెనని కోరుచున్నాము.

యౌవనారంభమున ఒకనాడు వారి కంట నొక వింత పడినది. ఆంగ్లేయుడగు రెవిన్యూ అధికారి యొకడు రడ్జి యను మోటారు సైకిలుపై ఆ పల్లెప్రాంతమునకు వచ్చెను. ఎద్దును గాని గుఱ్ఱమును గాని కట్టకయే, త్రొక్కకయే, తనంత తానుగా పరుగిడు బండిని ఆ బాలుడు అంతకుముందు చూచి యెఱుగడు. చూచినవారందఱును ఆశ్చర్యపడి యుందురు. ఆశ్చర్యము తీఱగానే తమ పనులకు పోయి యుందురు. ఈ బాలుని ఆశ్చర్యము మాత్రము తీఱలేదు. ఆ బండి తనకు కావలెనని అతనికి పట్టుదల పుట్టెను. వెంటనే పొలమును విడిచి, కోయంబత్తూరు నగరమునకు పోయి, ఒక హోటలులో వడ్డన చేయు పనికి కుదిరెను. కలిగిన యింటి రైతుబిడ్డ పరులకు విస్తళ్లు వేసి వడ్డించుట అవమానమని తలపలేదు. మూడు సంవత్సరములు కూడబెట్టిన కూలిడబ్బుతో ఆ మోటారు సైకిలును కొనెను.

కొనిన పిదప నేమి చేసెనో చూడుడు. దానిపై నెక్కి వీథులలో విలాసముగ తిరుగుట యతని కోరిక కాదు. బండిని ఊడదీసి, భాగములను వరుసగా పఱచి, ఒక్కొక్కదానిని పరీక్షించి, మఱల కూర్చెను. మఱల ఊడదీసెను, మఱల కూర్చెను. కార్బురేటరులో పెట్రోలు గాలితో ఏ పాళమున కలియునో, ఆ కలయిక సిలిండరులో నొత్తబడి నిప్పురవ్వ తగులగనే యెట్లు మండునో, ఆ మంట పిస్టనును త్రోసి చక్రమును త్రిప్పుట యెట్లో, ఇదంతయు అతనికి ఏ గురువును బోధింపలేదు. తన వ్రేళ్లే యతనికి కన్నులైనవి. ఆనాడు మన దేశమున మోటారుల విద్య చెప్పు బడులు అరుదు. మన భాషలలో అట్టి పుస్తకములు అంతకంటెను అరుదు. యంత్రమే పుస్తకము, విప్పుటయే పఠనము అయ్యెను. ఇట్లు నాయుడుగారు మెకానిక్కు పనిలో ఆఱితేఱిరి.

అయినను వారి త్రోవ పూలబాట కాలేదు. కొంతకాలము పత్తివ్యాపారము చేసి ధనము గడించిరి. బొంబాయి పత్తిబజారున ఆ ధనమును పోగొట్టుకొనిరి. కష్టార్జితము కంటియెదుట కరగిపోయినపుడు పలువురు క్రుంగిపోవుదురు. నాయుడుగారు తమకు తెలిసిన విద్యవైపునకే మఱలిరి. ధనము పోయినను చేతిలోని పనితనము పోలేదు గదా! కోయంబత్తూరున పేరుమోసిన వర్తకుడగు రాబర్టు స్టేన్సు దొరవారు ఈ యువకునిపై నమ్మకముంచి సాయపడిరి. 1920 వ సంవత్సరమున నాయుడుగారు ఒక బస్సును సంపాదించి, పొల్లాచ్చినుండి పళనికి నడుపసాగిరి. చోదకులు తామే, బండి చెడినచో బాగుచేయువారును తామే.

ఆ బాటను ఎన్నుకొనుటలోనే వారి వివేకము కానవచ్చును. పళని సుబ్రహ్మణ్యస్వామి క్షేత్రము. సంవత్సరము పొడుగున యాత్రికులు పోవుచుందురు. ఆనాటికి ఆ రెండూళ్ల నడుమ రైలుమార్గము లేదు. ఎడ్లబండ్లపైనను కాలినడకనను పోవు జనులకు బస్సు పెద్ద సదుపాయమయ్యెను. ఒక్క బస్సు రెండైనది, రెండు పదులైనవి. యు. ఎం. ఎస్. అను వారి సంస్థ దక్షిణదేశమున మిక్కిలి పెద్దవగు బస్సుసంస్థలలో నొకటియై, క్రమశిక్షణకు పేరుపొందినది. వేళ తప్పకుండ బండి బయలుదేఱుట, వేళ తప్పకుండ చేరుట, నిలుచుచోట్ల ప్రయాణికులకు సదుపాయము కల్పించుట, చెడిన భాగమును చెడకమునుపే మార్చుట, ఇవి ఆ సంస్థయొక్క నియమములు.

ఇక్కడ మన హైదరాబాదు సంగతియు కొంత చెప్పదగియున్నది. మన రాజ్యమున ప్రజలకొఱకు ప్రభుత్వపు బస్సులు మొదటిసారి నడచినది 1932 వ సంవత్సరము జూనులో. నిజాము రైల్వేవారు 27 బస్సులతోను 166 మంది పనివారితోను ఆ సేవ నారంభించిరి. నేడు ఉప్పలునుండి నలుదెసలకు పోవు బస్సులకు మూలమదియే. దానికి 12 ఏండ్లు ముందుగా, వెనుక ప్రభుత్వబలము గాని రైల్వేల ధనము గాని లేని యొక రైతుబిడ్డ ఒంటిచేత బస్సు నడిపి సంస్థ నిర్మించుట సామాన్యకార్యమా?

బస్సులతో ధనము చేకూరినది. ఇతరులైనచో నిక విశ్రమించెడివారే. నాయుడుగారి మనస్సు కొత్త యంత్రములపైకి పరువిడెను. 1932 వ సంవత్సరమున ఐరోపాకు పోయి అచ్చటి కర్మాగారములను స్వయముగ పరిశీలించిరి. ఆ కాలముననే నీలగిరులలోని పైకారా జలపాతమునుండి పుట్టిన విద్యుచ్ఛక్తి కోయంబత్తూరునకు వచ్చినది. చవుకగా శక్తి లభించుటచే పత్తిమిల్లులు పెఱిగినవి. నీరు మిక్కిలి లోతుననుండు ఆ మండలపు బావులకు విద్యుత్తుతో తోడు పంపులు కావలసివచ్చినవి. కాని ఆ పంపులను త్రిప్పు మోటార్లు సముద్రము దాటి రావలసినవే. వెల యెక్కువ, చెడినచో భాగములు దొరకుట కష్టము.

ఈ కొఱతను నాయుడుగారు గుర్తించిరి. డి. బాలసుందరము నాయుడుగారను మఱియొక చతురుడగు యంత్రజ్ఞునితో కలసి పనిచేసి, 1937 వ సంవత్సరమున కోయంబత్తూరు చెంతనున్న పీళమేడు కర్మాగారమునుండి విద్యుత్ మోటారును వెలువరించిరి. భారతదేశమున తయారైన మొదటి విద్యుత్ మోటారు అదియే యని ప్రసిద్ధి. తరువాత బాలసుందరము నాయుడుగారు టెక్స్‌టూల్ అను సంస్థను వేఱుగ స్థాపించి బట్టలమిల్లుల యంత్రములను తయారుచేయించిరి. ఆ మొదటి మోటారునుండి యొక పరిశ్రమయే మొలకెత్తినది. మోటార్లకును పంపులకును కోయంబత్తూరు దేశమంతట పేరుగాంచినది. తెలంగాణపు రైతు తన బోరుబావికడ మీట నొక్కి నీరు పైకి వచ్చుట చూచునపుడు, ఆ మోటారు కోయంబత్తూరున పుట్టినదై యుండుట మిక్కిలి సంభవము. మీట నొక్కు చేతికి నాయుడుగారి పేరు తెలియదు; నీరు మాత్రము వచ్చుచున్నది. పనివారి కీర్తి సాధారణముగ నిట్టిదే.

నాయుడుగారు కల్పించిన వస్తువుల పట్టిక పెద్దది. పొడిబ్యాటరీలచే తిరుగు చిన్న మోటారు గల గడ్డము గీయు యంత్రము వానిలో మిక్కిలి పేరొందినది. దానిపేరు రాసంట్. మిగుల పలుచనైన బ్లేడులు, పండ్లరసము తీయు యంత్రము, కిరసనాయిలుతో తిరుగు విసనకఱ్ఱ, సినిమా కెమెరాకు దూరమును సరిపఱచు పరికరము, మోసమునకు తావులేకుండ ఓట్లను లెక్కించు యంత్రము, ఇవి మఱికొన్ని. 1941 వ సంవత్సరమున అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే చేసి యీయగలనని ప్రకటించిరి. రేడియో ధనికుల యింటి యలంకారమైయున్న దినము లవి. ఛాయాచిత్రములయందును వారికి మక్కువ మెండు. 1936 వ సంవత్సరమున లండనులో అయిదవ జార్జి చక్రవర్తి అంత్యయాత్ర జరిగినపుడు దానిని స్వయముగ సినిమా తీసిరి.

యంత్రములయందే కాదు, మొక్కలయందును వారి పరిశోధన సాగినది. రైతుబిడ్డకు నేల పిలుపు మఱపునకు రాదు. పత్తి, మొక్కజొన్న, బొప్పాయి పైరులలో కొత్త రకములకై వారు ప్రయోగములు చేసిరి. ఆ తోటను సర్ సి. వి. రామన్ గారును, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారును సందర్శించిరి. ఇంకొకప్పుడు, పునాది మొదలుకొని పైకప్పు వఱకు ఒక యింటిని 11 గంటలలో కట్టించి చూపిరి. ఉదయము 6 గంటలకు మొదలైన పని సాయంకాలము 5 గంటలకు ముగిసినది. ఇది గారడి కాదు. ఏ వస్తువు ఏ నిమిషమున ఎవరి చేతికి అందవలెనో ముందుగనే నిర్ణయించుకొన్నచో సాధ్యము కానిది లేదని చాటుటయే వారి తలంపు. బస్సులను వేళకు నడపిన బుద్ధియే ఇంటిని కట్టినది.

ఇక వారి జీవితమున మిగుల ప్రియమైనదియు, మిగుల దుఃఖకరమైనదియు నగు ప్రయత్నమును గూర్చి చెప్పవలసియున్నది. మోటారుకారు ధనికుని యింటిముందు మాత్రమే నిలువరాదు, సామాన్య గృహస్థునకును అందవలెనను తలంపు వారికి కలదు. 1952 వ సంవత్సరమున ఇద్దఱు కూర్చుండదగిన చిన్న పెట్రోలు కారును వారు తయారుచేయించిరి. దాని వెల 2,000 రూపాయలు మాత్రమే. భార్యాభర్తలు కూర్చుండి బంధువుల యూరికి పోయిరాదగిన బండి యది. కాని ఆనాటి పరిశ్రమల చట్టమునుబట్టి ప్రభుత్వము అనుమతి యీయనిదే కర్మాగారమున వస్తువులను విరివిగా ఉత్పత్తి చేయరాదు. ఆ యనుమతి రాలేదు. కారు తయారీ నిలిచిపోయినది.

ఇట్టి యాశాభంగము వారికి ముందు విశ్వేశ్వరయ్యగారికిని కలిగినది. 1908 వ సంవత్సరపు మూసీవఱద పిదప మన నగరమును కాపాడు పథకము రచించిన ఆ మహనీయుడు, 1930 తరువాతి సంవత్సరములలో మన దేశమున మోటారుకార్ల కర్మాగారము స్థాపింపవలెనని పెద్ద ప్రయత్నము చేసిరి. పరాయి ప్రభుత్వము తోడ్పడలేదు. స్వరాజ్యము వచ్చిన పిదప నాయుడుగారి ప్రయత్నమునకు మన ప్రభుత్వమును తోడ్పడలేదు. ప్రభుత్వమువారి పక్షమునను చెప్పవలసినది కలదు. ఇనుము, విదేశద్రవ్యము కొఱతగా నున్న దినములవి. ఉన్నదానిని ముఖ్యమైన పరిశ్రమలకు పంచవలెనని వారు తలచిరి. అయినను ఫలిత మేమి? కొలది సంస్థలే కార్లను చేసినవి. కొనగోరువారు ఏండ్ల తరబడి వేచియుండిరి. సామాన్య కుటుంబమునకు తగిన చిన్నకారు విరివిగా రోడ్డెక్కినది 1983 వ సంవత్సరము డిసెంబరులో మారుతి వచ్చిన తరువాతనే. నాయుడుగారి చిన్నబండికిని దానికిని నడుమ 31 ఏండ్లు గడచినవి. ఆ నడుమ ఎన్ని కుటుంబముల కోరిక కోరికగనే మిగిలిపోయినదో యెవరు చెప్పగలరు?

నాయుడుగారికి లోపములు లేవని మేము చెప్పబోము. పట్టిన పట్టు విడువని స్వభావము వారికి మేలును చేసినది, కీడును చేసినది. పన్నులును నిబంధనలును పనివానిని నలిపివేయుచున్నవని కినిసి, తాము చేయించిన వస్తువులను జనసమక్షమున పగులగొట్టించి నిరసన తెలిపిరి. అది చూచి మెచ్చినవారు కొందఱు, నొచ్చినవారు కొందఱు. నిర్మాణమే వ్రతముగా గల చేతులు విధ్వంసమునకు పూనుకొనుట ఎంత మనోవేదన ఫలమో యని మాకు జాలి కలుగుచున్నది. అట్లయినను చేసిన వస్తువును పగులగొట్టుటకంటె ఇంకొక వస్తువును చేయుటయే వారికి శోభాకరమని మా అభిప్రాయము.

ఇప్పుడు మొదట మేము వాగ్దానము చేసిన సమాధానమునకు వచ్చుచున్నాము. చదువు మానిన బాలుడు పెద్దవాడై ఏమి చేసెను? బడులను నిందించుచు కూర్చుండెనా? లేదు. బడి పెట్టెను! 1945 వ సంవత్సరమున, మదరాసు గవర్నరగు సర్ ఆర్థరు హోపు పేర కోయంబత్తూరున సాంకేతిక విద్యాలయము వెలసినది. నాయుడుగారు దానికి విరాళ మిచ్చుటయే గాక ప్రిన్సిపాలు పదవినికూడ వహించిరి. ఏ బాలుని గురువులు తరగతినుండి పంపివేసిరో, ఆ బాలుడు కళాశాలకు అధ్యక్షుడయ్యెను. ఆ విద్యాలయమే పెఱిగి పెద్దదై నేటి కోయంబత్తూరు ప్రభుత్వ సాంకేతిక కళాశాల యయినది. అవినాశి రోడ్డుమీద హోప్సు అను బస్సు మజిలీపేరు ఆనాటి విద్యాలయమును నేటికిని జ్ఞప్తికి తెచ్చుచున్నది.

అచ్చటను వారికి అధికారులతో పొత్తు కుదరలేదు. ఇంజనీరింగు విద్యకు నాలుగు సంవత్సరములు అనవసరము. కర్మశాలలో చేతులార పనిచేయుచు నేర్చినచో రెండు సంవత్సరములు చాలునని వారి వాదము. పాలకులు సమ్మతింపలేదు. నాయుడుగారు పదవి విడిచిరి. ఈ వాదమున వారిదే సర్వము సత్యమని మేమనజాలము. గణితమును సిద్ధాంతమును ఓపికతో నేర్వక వంతెనలు కట్టువానికి ప్రజల ప్రాణములు ఒప్పగింపరాదు. కాని పుస్తకమున మోటారు బొమ్మ గీచి, మోటారు మూత నెన్నడును విప్పని చదువు చదువు కాదనుట మాత్రము నిస్సంశయముగ సత్యము.

కావున అల్లరిపిల్లలారా, మీ రీ జీవితమును తప్పుగా చదువకుడు. నాయుడుగారు చదువును విడువలేదు; చదువు దొరకు చోటును మార్చుకొనిరి. తరగతిలో గంటసేపు కూర్చుండలేని బాలుడు, ఒక్క మోటారు సైకిలు ముందు గంటలకొలది కూర్చుండెను. బడి మానిన బాలురు వేలకొలది కలరు. కూలిడబ్బుతో కొనిన బండిని తెలిసికొనుటకొఱకు ఊడదీసినవాడు ఒక్కడు. వారిని గొప్పవారిని చేసినది మానిన బడి కాదు, మానని శ్రమ. గురువులగు మేమును నేర్వవలసినది కలదు. ఇసుక చల్లు చేతిలో ఏ నైపుణ్యము దాగియున్నదో వెదకకయే ఆ చేతిని వెడలగొట్టుట సులభము. వెదకుట కష్టము. ఆ కష్టము మా వంతు.

నాయుడుగారు 1974 వ సంవత్సరము జనవరి 4 వ తేదీన తమ 80 ఏండ్ల వయస్సున స్వర్గస్థులైరి. తండ్రులు బిడ్డలకు ఆస్తిని పంచియిచ్చుట లోకమున సహజము. అభిరుచిని పంచియిచ్చుట అరుదు. నాయుడుగారి యింట ఆ రెండవదియు జరిగినది. వారి కుమారులగు శ్రీ జి. డి. గోపాల్ గారి ఆధ్వర్యమున, తండ్రిపేర కోయంబత్తూరులో మోటారుకార్ల ప్రదర్శనశాల 2015 వ సంవత్సరమున తెఱవబడినది. తొలినాటి బండ్లు మొదలు దేశదేశముల కార్లు అచ్చట వరుసదీఱియున్నవి. ధనికుల కార్లశాలలు లోకమున పెక్కు కలవు. కాని విద్యార్థులు పోయి యంత్రము నడచు తీరును తెలిసికొనదగిన శాల యిది. వారి కుటుంబపు ధర్మసంస్థవలన యువకులకు సాంకేతిక శిక్షణయు లభించుచున్నది. తండ్రి ప్రేమించినదానిని బిడ్డలు భద్రపఱచి నలుగురకు పంచుటకంటె పితృఋణము తీర్చు విధ మేమున్నది? 2025 వ సంవత్సరము అక్టోబరులో కోయంబత్తూరు అవినాశి రోడ్డుపై 10 కిలోమీటర్ల పొడవున కట్టిన పైవంతెనకు తమిళనాడు ప్రభుత్వము వారి పేరు పెట్టినది. బస్సు నడిపిన వానికి బాటయే స్మారకచిహ్నమగుట యుచితము.

మోటారుకార్లయందు ప్రేమ యనునది రెండు విధములు. పొరుగువాని కారుకంటె మన కారు పెద్దదిగ నుండవలెనను ప్రేమ యొకటి. అది అప్పులకును, దుడుకుగా నడిపి ప్రాణములు పోగొట్టుకొనుటకును దారితీయును. ఉప్పలు కూడలిలో దుడుకుగా పోవు బండ్లను చూచిన వారికి ఇది తెలియని సంగతి కాదు. రెండవది, ఆ యంత్ర మెట్లు నడచునో తెలిసికొని, దానివలన నలుగురకు మేలు కలుగునట్లు చేయవలెనను ప్రేమ. అది పేదయాత్రికులకు బస్సై నడచినది. రైతుబావికి మోటారై నీరు తోడినది. బాలురకు బడియై వెలసినది. నాయుడుగారిది ఈ రెండవ ప్రేమ.

నాచారపు కర్మశాలలలో పగలెల్ల నిలుచుండి యంత్రములు నడపు తండ్రులలో ఈ రెండవ ప్రేమ గలవారు లేకపోలేదు. సెలవునాడు తమ పాత స్కూటరును ముంగిట నిలిపి, భాగములూడదీసి గుడ్డతో తుడుచుచు, ప్రక్కన కూర్చున్న బిడ్డచేత స్పానరు అందిపించుకొను తండ్రిని మీ వీథిలోనే చూడవచ్చును. విద్యార్థులారా! అట్టివేళ మీరు ఆటకై పరువిడక ఒక్క గడియ కూర్చుండుడు. స్పానరు అందిచ్చి ఊరకుండక, ఇదెందుకు, అదెట్లు అని ప్రశ్నింపుడు. తండ్రికి తెలిసినది అతనితో అంతరింపనీయకుడు. పాఠశాలలో మేము చెప్పు భౌతికశాస్త్రమును, ముంగిట మీ తండ్రి చూపు పనితనమును ఒక్కచోట కలియవలెను. ఆ రెండింటిని తన జీవితమంతయు కలుపజూచిన శ్రీ జి. డి. నాయుడుగారి స్మృతికి మేము చేయగల వందన మంతకుమించి లేదు.